గేటు దగ్గర ఒకడు, స్టోర్సులో ఒకడు

మా వంశంలో మగవాళ్లకు పొలాలూ స్థలాలూ రాలేదు గానీ, కళ్ల కింద నలుపు మాత్రం ఎవరి వాటా వాళ్లకు సక్రమంగా ముట్టింది. తాతకు ఉండేదట. నాన్నకు ఉండేది. నా దాకా వచ్చేసరికి బాగా బలిసింది. ఒక్కో కంటి కింద అరెకరం నల్లరేగడి, వానకు ముందు దున్ని వదిలేసినట్టు చాళ్లతో సహా. నేను రోజుకు తొమ్మిది గంటలు నిద్రపోయేవాణ్ని, ఆదివారమైతే పదకొండు. అయినా నన్ను చూసిన ప్రతివాడూ మూడు వారాలుగా రెప్ప వాల్చని మనిషిని చూసినట్టు ముందు జాలిపడేవాడు. జాలి ఒక నిమిషం. ఆ తర్వాత అనుమానం. తాగుతాడా, పేకాడతాడా, ఇంట్లోంచి తరిమేశారా, ఎవరినైనా పొడిచి వచ్చాడా. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు ఒకసారి జేబు తడుముకుని చూసుకునేవారు. నేనూ నా జేబు తడుముకునేవాణ్ని. ఇంతగా అనుమానించేవాడు మంచివాడై ఉండడని నా అనుమానం.

తొంభైలలో గగన్‌పహాడ్‌లో, ట్రాన్స్‌ఫార్మర్లకు రాగి తీగ చుట్టే ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తా పని దొరికింది. శంషాబాద్‌లో, రైలు స్టేషనుకు పోయే దారిలో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకున్నాం. ఇప్పుడు విమానాలు దిగే వైపు అప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. తోటల కావలివాళ్లు కూడా నన్ను అదోలా చూసేవారు గానీ, వాళ్ల సంగతి ఇక్కడ అనవసరం.

ఉద్యోగం ఆరు నెలల ప్రొబేషన్ మీద. ఆరు నెలలు నిలబడితే పర్మినెంటు. నిలబడకపోతే తెనాలి దగ్గర మా మామగారి ఎరువుల కొట్టు. అంతకుముందు నేను మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను కాబట్టి నాలుగోది కూడా పోతుందన్న గట్టి నమ్మకంతో ఆయన నాకోసం గల్లా పక్కన స్టూలు కూడా వేయించారు. ప్రతి ఉత్తరంలోనూ ఆ స్టూలు క్షేమసమాచారం ఉండేది. యూరియా బస్తాల వాసనలో, మామగారి కళ్ల ఎదుట, మిగిలిన జీవితం ఆ స్టూలు మీద గడపడం అనే ఊహకు నాకు చెమట్లు పట్టేవి. కాబట్టి ఈ కథలో నేను చేసిన ప్రతి వెధవపనికీ ఆ స్టూలే కారణం అని ముందే చెప్పేస్తున్నాను.

చేరిన వారంలో గుర్తింపు కార్డుకు ఫోటో తెమ్మన్నారు. శంషాబాద్ బజారులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఆ స్టూడియో ఆయన ఫోటో తీయడాన్ని పెద్ద లెక్కలోకి తీసుకునేవాడు కాదు. తీసిన తర్వాత చేసేదే ఆయన దృష్టిలో అసలు పని. నెగటివ్‌ను గాజుపలక మీద పెట్టి, వెనక నుంచి దీపం వేసి, సన్నగా చెక్కిన పెన్సిలుతో దాని మీద గీసేవాడు. నెగటివ్ మీద పెన్సిలు గీస్తే ఫోటోలో అక్కడ తెల్లబడుతుంది. మొటిమలూ మచ్చలూ మశూచి గుంటలూ అన్నీ ఆయన పెన్సిలు ముందు ఎగిరిపోయేవి. నా ముఖం చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. బీడు భూమి దొరికిన రైతు కూడా అంత సంబరపడడు.

"కార్డుకయ్యా, ఉన్నదున్నట్టు తియ్యి," అన్నాను.

"ఉన్నదున్నట్టు తీస్తె నేనెందుకు సారూ, అద్దం జూస్కుంటె అయిపాయె గద," అన్నాడు. "మా స్టూడియోల దిగినోడెవ్వడు పెండ్లి గాకుంట మిగల్లే."

"నాకు పెళ్లయింది."

"అయినా మొకం మొకమే గద. జర గడ్డం పైకి. కండ్లు గిట్ల పెద్దగ తెరువుండ్రి."

మూడో రోజు వెళ్తే చేతిలో ఒక కవరు పెట్టాడు. అందులో నా చొక్కా వేసుకుని, నా క్రాపుతో, ఎవరో జమీందారు కొడుకు కూర్చుని ఉన్నాడు. కళ్ల కింద వెన్నెల. జీవితంలో ఒక్క అప్పడం కూడా సొంతంగా విరుచుకుని ఉండడు. సిగ్గు లేకుండా చెప్పాలంటే నాకు నచ్చింది. మా ఆవిడ మాత్రం ఫోటోను చేతికి అందినంత దూరం పెట్టి చూసి, "ఎవరండీ ఈయన?" అంది. ఆ ప్రశ్న విలువ అప్పుడు నాకు తెలియలేదు.

కార్డుకు ఫోటో అతికించారు. సగం ఫోటో మీద, సగం కార్డు మీద పడేలా ముద్ర కొట్టారు. పైన ప్లాస్టిక్ తొడిగి కాల్చారు. ఇక దాన్ని బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు. మొదటి రెండు నెలలూ గేటు దగ్గర కార్డు ఎవరూ అడగలేదు. మూడో నెలలో స్టోర్సులోంచి నాలుగు చుట్టల రాగి తీగ మాయమైంది. ఆ మర్నాడే గేటులో కొత్త వాచ్‌మన్ నిలబడ్డాడు.

రావిర్యాల మనిషి. యాభై దాటిన వయసు, రెండు చివరలా మెలితిప్పిన మీసం. మనిషిని చూసే చూపులో ఎక్స్‌రే మిషను ఉండేది. నా కార్డు తీసుకుని ఫోటో చూశాడు, నన్ను చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు. కార్డును ఎండకు పట్టుకుని చూశాడు. బొటనవేలితో ఫోటోలో గడ్డం మూసి చూశాడు. తర్వాత అరచేయి అడ్డంపెట్టి నా గడ్డం మూసి చూశాడు. నా వెనక నలభై మంది లైను.

"ఏంది సారూ, గీ ఫోటో మీదేనా?"

"నాదే అన్నా."

"మీ తమ్మునిదా?"

"నాకు తమ్ముడు లేడు."

"లేకుంటె మంచిదే." అంటే నమ్మలేదని అర్థం. "గీ ఫోటోల మనిషి మంచిగ తిని పండుకుని లేచిండు. మీ మొకం జూస్తె పండుకున్నట్టే లేదు. రాత్రంత యేడున్నరు?"

"ఇంట్లోనే నిద్రపోయాను."

"నిద్రవోయిన మొకం గిట్లుంటదా," అని ఆయన నన్ను వదిలేసి నా వెనక ఉన్న నలభై మందినీ అడిగాడు. వాళ్లలో సగం మంది ఉండదన్నారు. మిగతా సగం నావైపు చూసి ఆలోచనలో పడ్డారు. ఆ రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. తర్వాతి రోజుల్లో గొణుగుతూ వదిలినా, మరుసటి వారం ఇంకోసారి వెనక్కి పంపాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ని గేటు దగ్గర మూడుసార్లు వెనక్కి పంపితే పేరు కొట్టేస్తారని రూలు. రెండు అయిపోయాయి. తెనాలిలో స్టూలు తనంతట తానే ఒక అడుగు ముందుకు జరిగిందని నాకనిపించింది.

ఫోటో మార్చమని ఎందుకు అడగలేదంటారా? కార్డు మార్చాలంటే బొంబాయి హెడ్డాఫీసుకు అర్జీ వెళ్లాలి. రాగి తీగ పోయిన నెలలో కార్డు మీద ఫోటో మార్చమని అర్జీ పెట్టే గుమస్తా గురించి బొంబాయివాళ్లు ఏమనుకుంటారో నేను ఊహించగలను. అయినా తెగించి స్టూడియోకు వెళ్లి, పెన్సిలు ముట్టుకోకుండా ఇంకో ఫోటో తీసివ్వమన్నాను. ఆయన సరేనన్నాడు. మూడో రోజు కవరు విప్పితే జమీందారు కొడుకు ఇంకా రెండేళ్లు చిన్నవాడయ్యాడు. "చెయ్యి ఊకోలే సారూ," అన్నాడు స్టూడియో ఆయన.

ఫోటో నాలా తయారవదని తేలిపోయింది. ఇక నేనే ఫోటోలా తయారవ్వాలి.

ఈ ఆలోచన మా ఆవిడది. మా పెళ్లినాడు ఆమెకు ముఖాలంకరణ చేసినావిడ వదిలేసి వెళ్లిన ఫౌండేషన్ క్రీము సీసా ఒకటి మా ట్రంకుపెట్టెలో, చీరల అడుగున ఉండేది. మర్నాడు పొద్దున ఆమె నన్ను కిటికీ దగ్గర పీట మీద కూర్చోబెట్టి, ఉంగరం వేలితో ఆ క్రీమును చుక్కలు చుక్కలుగా కళ్ల కింద అద్దింది.

"పైకి చూడండి. ఊపిరి బిగబట్టకండి, ఇది ఆపరేషను కాదు."

"బొటనవేలితో పూసేస్తే త్వరగా అవుతుంది కదా."

"గోడకు సున్నమైతే బొటనవేలే. ఇది కన్నండీ. కదలకండి."

పైన పఫ్‌తో పౌడరు. అద్దంలో చూసుకుంటే కార్డులో ఉన్నవాడికీ నాకూ కనీసం చుట్టరికం కుదిరింది. శంషాబాద్ నుంచి గగన్‌పహాడ్ దాకా బస్సులో నిలబడి, ముఖాన్ని నిండు బిందెలా మోసుకెళ్లాను. కన్ను దురద పెట్టినా గోక్కోలేదు. లారీ దుమ్ము వచ్చినప్పుడల్లా రుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఒక ముసలమ్మ నా ముఖంలోకి తేరిపార చూసి, "ఏ నాటకంల ఏషం బిడ్డా?" అని అడిగింది. సమాధానం చెబితే చెంపలు కదులుతాయని మౌనంగా ఉన్నాను.

గేటులో ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు. ఒకసారే. "ఇయ్యాల మంచిగున్నరు," అన్నాడు. ఆ మెచ్చుకోలులో కూడా ఏదో వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా లోపలికి వదిలాడు.

గండం గడిచిందనుకుని స్టోర్సులో కూర్చున్నానో లేదో, ఇంకోటి వచ్చింది. రాగి తీగ పోయినప్పటి నుంచీ స్టోర్సులో ప్రతి చుట్టనూ దించి, తూచి, మళ్లీ ఎక్కిస్తున్నారు. రెండు వారాలుగా అందరి కళ్లూ గుంటలు పడి, అందరూ నా చుట్టాల్లా తయారయ్యారు. అటు వచ్చిన మేనేజరుగారు ఆ వరుసలో నా ముఖం దగ్గర ఆగిపోయారు. రాజమండ్రి వైపు పెద్దమనిషి. కళ్లజోడు ముక్కు చివరకు జార్చి మాట్లాడేవారు.

"ఏమయ్యా, అందరూ పీక్కుపోయి ఉంటే నువ్వొక్కడివే పెళ్లికొడుకులా కళకళలాడుతున్నావేం? బస్తాల వెనకాల పడుకుంటున్నావా?"

"లేదండీ, పనిచేస్తున్నానండీ."

"పని చేసిన మొహం ఇలా ఉండదు," అని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లారు. ఏం రాశారో ఈ రోజుకీ నాకు అనుమానమే. పర్మినెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. నలుపు ఉంటే గేటు దాటలేను. నలుపు లేకపోతే లోపల నిలవలేను. కాబట్టి రోజూ గేటు దాటగానే కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, నిజాయితీగల నలుపుతో స్టోర్సులోకి వెళ్లేవాణ్ని. సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ కార్డు చూస్తారు గనక, పాత ఇనుము పడేసే షెడ్డు వెనక నిలబడి, టిఫిన్ క్యారియరు మూత అద్దంగా పెట్టుకుని, మళ్లీ పూసుకునేవాణ్ని. క్రీము ఎలా తెచ్చుకునేవాణ్నంటే, క్యారియరులో పెరుగు పెట్టుకునే చిన్న గిన్నెలో. వాచ్‌మన్ ఒకరోజు ఆ గిన్నె మూత తీసి చూశాడు.

"పెరుగు గీ రంగున్నదేంది?"

"మా వైపు పాలు ఎర్రగా కాస్తాం అన్నా."

ఆయన వాసన చూశాడు. సన్నజాజుల వాసన. "మీ దిక్కు బర్లు పూలు తింటయా?" అని అడిగి, నేను నవ్వడానికి ప్రయత్నిస్తుంటే తను మాత్రం నవ్వకుండా మూత పెట్టి ఇచ్చేశాడు. రుచి చూస్తాననలేదు, అదే పదివేలు.

ఇంటి దగ్గర కూడా శాంతి లేదు. మా ఆవిడ ఒక సాయంత్రం నా గడ్డం పట్టుకుని ముఖాన్ని దీపం వైపు తిప్పింది.

"పొద్దున నేను ఉంగరం వేలితో అద్దాను. ఇది బొటనవేలితో పూసింది. ఎవరండీ పూశారు?"

"నేనే."

"మీరా? మీకు కళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే రాదు. ఎవరో చెప్పండి, నేనేమీ అనను."

ఏమీ అననని చెప్పే ఆడవాళ్లు ఏమేం అంటారో నాకు తెలుసు కాబట్టి, అక్కడికక్కడే గిన్నె తీసి, క్యారియరు మూత ముందు నిలబడి, పూసి చూపించాను. ఆమె అంతా చూసి నమ్మింది. "ఇంత ఘోరంగా ఇంకెవరూ పూయలేరు లెండి," అంది.

రెండు నెలలకు పైగా ఇలా నడిచింది. ప్రొబేషన్ ఇంకో తొమ్మిది రోజుల్లో అయిపోతుందనగా మేనేజరుగారి గదిలోకి పిలుపు వచ్చింది. ఆ పొద్దున గేటులో వేరే మనిషి ఉన్నాడు. అప్పుడే దాటి వచ్చాను, ఇంకా కుళాయి దాకా కూడా వెళ్లలేదు. గదిలో మేనేజరుగారు కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన వాచ్‌మన్, చేతిలో ఒక నోటుబుక్కుతో.

"చదవవయ్యా," అన్నారు మేనేజరుగారు.

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "సోమారం. గేట్లకెల్లి తెల్ల మొకపాయన లోపటికి వోయిండు. పదకొండు గంటలకు స్టోర్సు కిటికీలకెల్లి జూసిన. అండ్ల నల్ల మొకపాయన కూసున్నడు. సాయంత్రం తెల్లాయన బయటికి వోయిండు. మంగళారం, గట్లనే. బుధారం, గట్లనే." పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. మూడు వారాలుగా నా మీద రాసిన దినచర్య అది. నా మీద నేను కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండను.

"అంటే ఏమిటి?" అన్నారు మేనేజరుగారు.

"ఒక్క కార్డు మీద ఇద్దరు నడుస్తున్నరు సార్. అన్నదమ్ములు. తెల్లాయన గేటుకు, నల్లాయన పనికి. నల్లాయన యాడికెల్లి వస్తుండో, యాడికెల్లి పోతుండో దొరుకుతలేడు. రాగి తీగ గూడ గాయనతోనే పోయుంటది."

మేనేజరుగారు కళ్లజోడు జార్చారు. "నీ తమ్ముడెక్కడ?"

నాకు స్టూలు కనిపించింది. దాని మీద పరిచిన గుడ్డ కూడా కనిపించింది. నా తమ్ముడు ఈ పెరుగు గిన్నెలో ఉన్నాడండీ అని చెబితే నమ్ముతారా? మూలనున్న కూజాలోంచి గ్లాసులో నీళ్లు వంచుకుని, రుమాలు తడిపి, ఆయన టేబులు ముందు నిలబడి కుడి కంటి కింద గట్టిగా తుడిచాను. రుమాలుకు గోధుమరంగు అంటింది. ఆ వైపు నల్లరేగడి బయటపడింది. ఎడమవైపు అలాగే ఉంచి, ముఖాన్ని ముందు ఇటూ తర్వాత అటూ తిప్పి చూపించాను.

"ఇటు గేటు దగ్గరవాడండీ. అటు స్టోర్సువాడండీ," అన్నాను. స్టూడియో పెన్సిలు దగ్గర నుంచి బొటనవేలి దాకా అంతా చెప్పేశాను.

మేనేజరుగారు ముందు ఒక చెంప, తర్వాత రెండో చెంప చూశారు. ఆయన నవ్వుతారేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు.

"బాగానే ఉంది. పూస్తే నువ్వు ఇద్దరివి అవుతావని తెలిసింది," అన్నారు. "అంతమాత్రాన ఇంకొకడు లేడని ఎలా? నీకు నిజంగానే తమ్ముడు ఉండి, ఇప్పుడు వాడు ఇంట్లో కూర్చుని ఉంటే? ఇవాళ వాడి తరఫున నువ్వే తుడుచుకుని చూపిస్తుంటే?"

అనుమానంలో నేనే గొప్పవాణ్ననుకునేవాణ్ని. ఆ గదిలో నేను ఒకటో తరగతి పిల్లవాణ్ని. లేని తమ్ముణ్ని లేడని రుజువు చేయడానికి ఏ రుమాలూ సరిపోదు. ఆయన పెన్ను మూత బిగించడం మొదలుపెట్టారు. ఆ మూత బిగిసిందంటే నా సంగతి కూడా అంతే.

అప్పుడు వాచ్‌మన్ నోటుబుక్కు మూశాడు.

"ఒక్కడే సార్," అన్నాడు.

"నువ్వే కదయ్యా ఇద్దరన్నావు."

"అన్న. మొకం జూసి అన్న. ఇగ మొకం ఇడిసిపెట్టి ఆలోచన చేసిన." నావైపు చూడకుండా గోడకు చెబుతున్నట్టు మాట్లాడాడు. "గీ సారు పొద్దున గేట్ల నన్ను జూస్తనే ఎడమ చెయ్యి జేబుల వెడ్తడు, కుడి చెయ్యి క్యారియరు మీద గట్టిగ బిగుస్తది, గొంతుల గుటక వడ్తది. ముందు గుటక, ఎన్క నమస్తె. ఫోటో తీర్గ రాకముందు, నేను ఎన్కకు పంపిన దినాలల్ల గూడ గదే గుటక. ఇప్పుడు మీ ముంగట నిలవడ్డా గదే. మొకం పూస్కోవచ్చు సార్. ఇద్దరు మనుషులు ఒక్క తీర్గ బయపడరు. ఇరువై ఏండ్లు గేట్లనే ఉన్న, నాకు తెల్వదా?"

నేను గుటక వేశాను. ఇద్దరూ చూశారు. మేనేజరుగారు వాచ్‌మన్ వైపు తిరిగి, ఇదేనా అన్నట్టు కనుబొమలు ఎత్తారు. ఆయన ఇదేనన్నట్టు తల ఊపాడు.

మేనేజరుగారు పెన్ను మూత మళ్లీ విప్పారు. సొరుగులోంచి టైపు చేసి ఉంచిన కాగితం ఒకటి తీసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, కింద సంతకం పెట్టారు. తొమ్మిది రోజులు ముందే. "రేపటి నుంచి ఏ మొహం ఉందో ఆ మొహంతో రా," అన్నారు. వాచ్‌మన్‌తో, "ఈయన్ని కార్డు అడక్కు, చూసి వదిలెయ్యి," అన్నారు. తర్వాత రుమాలు మీది మరకను ఒకసారి చూసి, ఇంకేదో అడగబోయి మానేశారు.

బయటికి వచ్చాక వాచ్‌మన్‌కు థాంక్స్ చెప్పబోయాను. "నాకెందుకు, ఉన్నది చెప్పిన," అన్నాడాయన. "గని సారూ, రాగి తీగ సంగతి ఇంక తేలలే." అంటూ గేటు వైపు వెళ్లిపోయాడు.

ఆ రోజు సాయంత్రం దాకా ఒక కంటి కింద నల్లగా, ఇంకో కంటి కింద తెల్లగా, అలాగే కూర్చుని తీగ చుట్టలు తూచాను. స్టోర్సులో వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఏదో పని ఉన్నట్టు వచ్చి చూసి వెళ్లారు. మిగతా సగం కూడా కడుక్కోమని ఎవరో చెప్పారు. కుళాయి పది అడుగుల దూరంలోనే ఉంది. కానీ నేను లేవలేదు. కాగితం మీద సిరా ఇంకా ఆరలేదేమో, ఈలోగా ఆయనకు మళ్లీ ఏదైనా అనుమానం వచ్చి పిలిస్తే రెండు వైపులూ చూపించాల్సి వస్తుందేమోనని.